గల్ఫ్‌లో ఆరుబయట పొయ్యి

మనకు చలికాలమంటే తలుపులు మూసుకునే కాలం. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు అది తలుపులు తెరుచుకునే కాలం. నవంబరు నుంచి మార్చి దాకా దుబాయ్ నుంచి కువైట్ వరకూ జనం ఆరుబయటే కూర్చుంటారు, ఆరుబయటే వండుకుంటారు. కువైట్ వాళ్లయితే ఎడారిలో గుడారాలు వేసుకుని వారాల తరబడి అక్కడే కాపురం పెడతారు. పరాయి దేశం వెళ్లినవాడికి ఆ నాలుగైదు నెలలే మనసు తేలికపడే రోజులు. కానీ ఆ ఆరుబయలు అందరికీ సమానంగా దక్కడం లేదు. ఎవరు ఎక్కడ పడుకుంటారో దాన్నిబట్టి ఎవరికెంత ఆకాశం అన్నది తేలిపోతోంది. ఈ వారం చెప్పదలచుకున్నది అదే.

ఎండ దేశం కదా, ఏడాదంతా డాబా మీదే గడపొచ్చని కొత్తగా వెళ్లేవాళ్లు అనుకుంటారు. కరీంనగర్‌లో మే నెల వడగాడ్పు తిన్న మనిషి కూడా ఆగస్టు దుబాయ్‌కి బెదిరిపోతాడు. కారణం సముద్రం. అక్కడి సముద్రానికి లోతు తక్కువ. వేసవి ముదిరేసరికి నీళ్లే 32 డిగ్రీలు దాటిపోతాయి. రాత్రిళ్లు కూడా 30 డిగ్రీలకు దిగడం కష్టం, గాలి నిండా తేమ. మన ఊళ్లో పొద్దుగూకాక డాబా మీద నాలుగు బిందెల నీళ్లు చల్లితే అవి ఆవిరవుతూ కాంక్రీటులోని వేడిని లాక్కుపోతాయి, పక్క వేసేవేళకు కింద చల్లగా తగులుతుంది. ఆగస్టు దుబాయ్‌లో చల్లిన నీళ్లు ఆరవు, ఒంటి మీద చెమట కూడా ఆరదు. తుంపర్లు చిమ్మే ఫ్యాన్లు పెట్టుకున్నవాళ్లు తడిసిపోవడమే తప్ప చల్లబడరు. అందుకే యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని చేయించకూడదన్న నిబంధన ఉంది. కువైట్‌లో జూన్, జులై, ఆగస్టు నెలల్లో పొద్దున 11 నుంచి సాయంత్రం 4 వరకు.

డిసెంబరు వచ్చిందంటే అదే డాబా బంగారం. పగలు పాతిక డిగ్రీలు, రాత్రి పదిహేను. దుబాయ్ మనకన్నా చాలా ఉత్తరాన, 25 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కనుక చలికాలంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దక్షిణం వైపు వాలే ఉంటాడు. దక్షిణం ముఖంగా ఉన్న బాల్కనీకి రోజంతా మెత్తని ఎండ. పడమటి బాల్కనీ మాత్రం ఏ కాలంలోనైనా సాయంత్రం వంటకు పనికిరాదు, ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది. ఇల్లు వెతుక్కునేటప్పుడు లిఫ్టు, పార్కింగ్ అడిగినట్టే దిక్కు కూడా అడగాలని వెళ్లేవాళ్లకు చెబుతుంటాను. నీడ విషయంలోనూ అంతే. రేకు వేస్తే రేకే కాగి నెత్తిన వేడి కురిపిస్తుంది. వలలాంటి గుడ్డ కడితే వేడిగాలి సందుల్లోంచి పైకి పోతుంది.

ఈ సంగతి అక్కడి పాతతరానికి బాగా తెలుసు. ఖర్జూరపు మట్టలతో అల్లిన అరీష్ ఇళ్లలో గోడే గాలి పీల్చేది. దుబాయ్‌లో అల్ ఫహీదీ పేటకు వెళ్తే ఇళ్ల మీద బర్జీల్ అనే గాలి గోపురాలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. ఏ వైపు నుంచి గాలి వచ్చినా పట్టి కింద గదిలోకి దించుతాయి. వేసవిలో డాబాల మీద పడుకునేవాళ్లు, కలిగినవాళ్లు ఖర్జూర తోటలకు మకాం మార్చేవాళ్లు. గాజు మేడలు వచ్చాక నీడ గురించీ గాలి గురించీ ఆలోచించే పని మొత్తం ఏసీకి అప్పజెప్పేశారు.

విల్లాల్లో ఉండేవాళ్ల సంగతి ఎక్కువ చెప్పక్కర్లేదు. పెరడుంది, గ్యాస్ గ్రిల్లుంది, అతిథులున్నారు. వాళ్ల శీతాకాలం హాయిగా గడిచిపోతుంది. మధ్యతరగతి తెలుగు కుటుంబాలు ఉండేది అపార్టుమెంట్లలో. అక్కడ బాల్కనీలో బొగ్గు రాజేయడానికి లేదు. దీని మీద చాలామంది విసుక్కుంటారు గానీ ఈ కట్టడి న్యాయమైనదే. దుబాయ్ మెరీనాలోని టార్చ్ టవర్ 2015 ఫిబ్రవరిలో ఒకసారి, 2017 ఆగస్టులో మరోసారి తగలబడింది. రెండుసార్లూ మంటలు బయటి గోడ పట్టుకునే అంతస్తు తర్వాత అంతస్తు ఎగబాకాయి. ఆ కాలపు మేడలకు చాలావాటికి బయట తొడిగిన అల్యూమినియం పలకల నడుమ ప్లాస్టిక్ ఉంటుంది. అలాంటి గోడ పక్కన గాలికి ఎగిరిన ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి బాల్కనీలో వద్దు. వద్దన్నవాళ్లు మరో చోటు చూపించాలి కదా. దుబాయ్ ఆ చోటు కొంతవరకు చూపించింది, పార్కుల్లో.

ముష్రిఫ్ పార్కు, జబీల్ పార్కు, మమ్జర్ తీరం. వీటిలో బార్బెక్యూకని విడిగా జాగాలు ఉన్నాయి. సెలవు రోజు సాయంత్రం అక్కడికి వెళ్తే ఒకపక్క ఇరానీ కబాబ్ పొగ, మరోపక్క ఫిలిప్పీన్స్ వాళ్లు వెదురుపుల్లలకు గుచ్చి కాల్చే మాంసం, ఇంకోపక్క మన అల్లం వెల్లుల్లి ఘాటు. ముష్రిఫ్‌కు ఇంకో గొప్ప ఉంది. అదొక ఘాఫ్ చెట్ల వనం. ఘాఫ్ అంటే వేరేదో కాదు, మన జమ్మి. యూఏఈకి అది జాతీయ వృక్షం, 2014 నుంచి తెలంగాణకు అది రాష్ట్ర వృక్షం. దసరానాడు జమ్మి ఆకు చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ ఇచ్చుకునే జగిత్యాల కుర్రాళ్లు ఎడారి ఒడ్డున అదే చెట్టు నీడలో చాప పరుచుకుని కూర్చోవడం చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. చెట్టు మొదట్లో పొయ్యి పెట్టకండి. ఇసుక నేలలో నీటి కోసం ఎంతో లోతుకు వేరు దించి బతికే చెట్టది. మొదట్లో నిప్పులు పోస్తే పై వేళ్లు ఉడికిపోతాయి, కిందికి వాలిన కొమ్మలు మాడిపోతాయి.

ఆ కుర్రాళ్ల వంట దగ్గరగా చూశాను. దేరా చేపల మార్కెట్లో కొన్న వంజరం, వేలెడు మందాన కోసిన ముక్కలు. కారం, పసుపు, ఉప్పు, నిమ్మరసం పట్టించి గిన్నెలో పెట్టి తెచ్చారు. నూనె ముందే కలపలేదు. నూనె నిప్పుల మీద కారితే భగ్గున మంట లేచి చేప పైన మాడి లోపల పచ్చిగా ఉండిపోతుందని వాళ్లలో పెద్దవాడు చెప్పాడు. బొగ్గు అంటుకోగానే చువ్వలు పెట్టబోయిన చిన్నవాణ్ని ఆపి, ‘ఆగరా తమ్మీ, బూడిద ఎక్కనీ’ అన్నాడు. ఎర్రటి నిప్పుల మీద తెల్లటి నివురు పొర కమ్మేదాకా ఎవరూ చెయ్యి పెట్టలేదు. అప్పుడు నిప్పుల్ని ఒకపక్కకు ఎక్కువగా, ఒకపక్కకు పల్చగా నెట్టి, ముందు మంట పక్కన చేప పైపొర బిగిసేలా కాల్చి, తర్వాత పల్చటి వైపుకు జరిపాడు. తిప్పింది ఒక్కసారే. దించాక అర చెంచా నూనె, ఉల్లిపాయ, మరికాస్త నిమ్మ. పెద్ద హోటళ్లలో కూడా చేప ఇంత శుభ్రంగా కాలదు.

బొగ్గు గురించి కూడా చెప్పాలి. గల్ఫ్ వాళ్లకు తుమ్మ బొగ్గంటే ప్రాణం. గట్టిగా ఉంటుంది, చాలాసేపు నిలుస్తుంది. ఆ బొగ్గు కోసం సోమాలియాలో తుమ్మ చెట్లను అడవులకు అడవులే నరికారు. ఆ వ్యాపారం డబ్బు అల్ షబాబ్ ముఠాకు చేరుతోందని 2012లో ఐక్యరాజ్యసమితి భద్రతామండలి సోమాలియా బొగ్గు ఎగుమతినే నిషేధించింది. గల్ఫ్ దేశాలే దాని ప్రధాన మార్కెట్. బస్తా మీద ఏ దేశపు బొగ్గో చదివి కొనండి. ఆ పాటి శ్రద్ధ మన చేతిలో పనే.

కార్తీక మాసం సరిగ్గా ఈ చల్లబడే రోజుల్లోనే వస్తుంది. తెలుగు సంఘాలు ఆదివారం చూసుకుని ఇవే పార్కుల్లో వనభోజనాలు పెట్టుకుంటాయి. ఉసిరి చెట్టు దొరకదు, కుండీలో కొమ్మ పెట్టి పూజ చేసుకుంటారు. పులిహోర, గుత్తివంకాయ, పెరుగన్నం. ఆడవాళ్ల ఆటపాటలు, పిల్లలకు పద్యాల పోటీలు. నాకు ఇవి చాలా ఇష్టం. అయితే ఆ వరసల్లో ఎప్పుడూ కనిపించని మనిషి ఒకడున్నాడు. నిజామాబాద్ నుంచి వచ్చి భవన నిర్మాణంలో పనిచేసేవాడు, ఊరవతల క్యాంపులో ఒక గదిలో ఆరేడుగురితో ఉండేవాడు. వారానికి ఒక్క రోజు సెలవు. ఆ రోజే బట్టలు, ఆ రోజే ఇంటికి డబ్బు, ఆ రోజే నిద్ర. పార్కుకు రానూపోనూ టాక్సీ ఖర్చు అతనికి ఒక పూట కూలీ. కడప, కోనసీమల నుంచి కువైట్ ఇళ్లలో పనికి వెళ్లిన మన ఆడవాళ్ల మాట ఇక చెప్పేదేముంది. యజమాని పెరట్లో మాంసం కాల్చే పని వాళ్లదే, అక్కడ కూర్చుని తినే హక్కు మాత్రం చాలామందికి లేదు.

ఆరుబయలు దొరకనివాడు నిప్పును లోపలికి తీసుకువెళ్తాడు. ఎడారిలో జనవరి రాత్రి రేకుల గది వణికిస్తుంది. వంట అయ్యాక మిగిలిన నిప్పులు పొగ రావడం లేదు కదా అని గదిలో పెట్టుకుని తలుపేసుకుని పడుకుంటారు. చేప కాల్చడానికి శ్రేష్ఠమైన ఆ నివురుగప్పిన నిప్పే మూసిన గదిలో మృత్యువు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. రక్తంలో ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా అతుక్కుంటుంది. తలనొప్పి, మగత, ఆపైన మెలకువే ఉండదు. గల్ఫ్ పోలీసులు ఏటా చలికాలంలో హెచ్చరిస్తూనే ఉన్నారు, ఏటా ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు. అక్కడ మనవాళ్లున్న ప్రతి ఇల్లూ ఈ ఒక్క సంగతి వాళ్ల చెవిన వేయాలి. గదిలోకి, గుడారంలోకి, వాహనంలోకి బొగ్గు తేవద్దు, ఆరిందనుకున్న బొగ్గు కూడా తేవద్దు.

డాబా సంగతి ఇంకా బాధ. 2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగఫ్‌లో, దాదాపు 200 మంది వలస కార్మికులున్న భవనం తగలబడింది. 50 మంది దాకా పోయారు, అత్యధికులు భారతీయులు, వాళ్లలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. గదుల మధ్య అడ్డంగా పెట్టిన మండే సరుకు వల్ల నల్లటి పొగ మెట్లదారంతా నిండిపోయింది. పైకి పరుగెత్తినవాళ్లకు డాబా తలుపు తాళం వేసి కనిపించిందని అక్కడి అగ్నిమాపక అధికారులే చెప్పారు. డాబా మీద దీపాలూ పూలకుండీలూ పెట్టుకుని సాయంత్రాలు గడిపే నగరాల్లో కార్మికుడికి డాబా ప్రాణం కాపాడే దారి. ఆ దారికి తాళం వేసినవాళ్ల మీద నాకు పట్టరాని కోపం ఉంది.

చేయాల్సింది కొండంత పనేమీ కాదు. ప్రతి క్యాంపు ఆవరణలోనూ పడుకునే గదులకు దూరంగా, పైన మాత్రమే కప్పు ఉండి నాలుగు వైపులా గాలాడే షెడ్డు ఒకటి, అందులో సిమెంటు పొయ్యిలు, ఒక కొళాయి, ఇసుక బకెట్లు, బూడిద పోసే మూత ఉన్న ఇనుప డబ్బా. చలికాలంలో నెలకు రెండు ఆదివారాలు పార్కుకు కంపెనీ బస్సు. డాబా తలుపుకు తాళంచెవి అక్కర లేకుండా లోపలి నుంచి నెడితే తెరుచుకునే గడియ. చనిపోయిన గల్ఫ్ కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చే ఏర్పాటు తెలంగాణ ప్రభుత్వం 2024లో చేసింది, మంచి పని. మన రాయబార కార్యాలయాలూ రెండు రాష్ట్రాల ప్రవాస విభాగాలూ కంపెనీలతో మాట్లాడేటప్పుడు జీతం, టికెట్టు, వీసాల పక్కన షెడ్డు, బస్సు, గడియ ఈ మూడూ కూడా రాయించాలి. ఈ శీతాకాలం మొదలుకాకముందే అడగండి.