'ఆఫ్' తర్వాత ఏం రాశారు?

నేను చెప్పేది తెలుగు. అయినా నిన్న క్లాసు అయ్యాక ఒక విద్యార్థి వచ్చి, "సార్, సింప్టమాటిక్ అంటే ఏంటి?" అని అడిగాడు.

కరోనా రోజుల్లో 'అసింప్టమాటిక్' అనే మాట అందరి నోళ్లలో నానింది. ఒంట్లో వైరస్ ఉన్నా దగ్గూ జ్వరమూ లేనివాళ్లని అర్థం. ముందున్న 'అ' తీసేస్తే, లక్షణాలు బయటపడినవాళ్లు. మందుల విషయంలోనూ ఈ మాట వాడతారు. డెంగీకి పారాసిటమాల్ ఇస్తే అది సింప్టమాటిక్ ట్రీట్‌మెంట్. జ్వరం తగ్గుతుంది, వైరస్‌ను మాత్రం ఆ బిళ్ల ఏమీ చేయదు.

ఆస్పత్రి బయట దీని వెనక 'ఆఫ్' చేరుతుంది. 'సింప్టమాటిక్ ఆఫ్' ఫలానా అంటే, పైకి కనబడేది లోపలున్న ఫలానా జబ్బుకు గుర్తు అని.

ఇదంతా చెప్పాక, ఎందుకడిగావన్నాను. ఫోన్‌లో ఒక కాగితం ఫొటో చూపించాడు. హాస్టల్లో కులం పేరు పెట్టి పిలుస్తుంటే తట్టుకోలేక క్లాసులకు రావడం మానేశాడు. ఫిర్యాదు చేస్తే కౌన్సెలింగ్‌కు పంపారు. అతని మౌనం 'సింప్టమాటిక్ ఆఫ్ లో సెల్ఫ్ ఎస్టీమ్' అని రాసిచ్చారు. పిలిచినవాళ్లకు ఏ కౌన్సెలింగూ లేదు.

మిత్రులారా, ఇక్కడ వ్యాకరణం తప్పలేదు. 'ఆఫ్' తర్వాత రాసిన మాట తప్పు. అక్కడ 'కులం' అని రాస్తే హాస్టల్‌కు వైద్యం చేయాలి. 'ఆత్మన్యూనత' అని రాస్తే పిల్లాడికి చేస్తే చాలు.

ఇది కొత్త కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదుగురు దళిత విద్యార్థులను హాస్టల్ నుంచి వెలేస్తే, వాళ్లు ఆరుబయట వెలివాడ కట్టుకుని పడుకున్నారు. వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న చనిపోయాడు. విచారణ జరిపిన రూపన్‌వాల్ కమిషన్ వివక్ష కాదు, వ్యక్తిగత నిరాశే కారణమని తేల్చింది. వెలివాడ అందరికీ కనబడింది. 'ఆఫ్' తర్వాత మాత్రం అతని మనసునే రాశారు.

కౌన్సెలింగ్ వద్దని నేననను. గాయపడ్డ మనసుకు ఆసరా కావాలి, సిగ్గుపడకుండా వెళ్లండి. కానీ అది పారాసిటమాల్. వైరస్ ఎక్కడుందో కాగితం మీద రాయించుకోవడం మన హక్కు.

ఆ విద్యార్థీ నేనూ నిన్న సాయంత్రం కూర్చుని ఫిర్యాదు తిరగరాశాం. ఈసారి 'ఆఫ్' తర్వాతి మాట అతనే రాశాడు.

జై భీమ్.