పురపాలక సంఘం ఖాతాలో నిల్వ: మిగులు ఎంత? బాధ్యత ఎంత?

(ప్రత్యేక వ్యాసం)

ఏటా ఆర్థిక సంవత్సరం ముగింపునకు వచ్చే వేళ పురపాలక సంఘాల సమావేశ మందిరాలలో బడ్జెట్ ప్రతులు చేతులు మారుతాయి. మరునాటి పత్రికల జిల్లా పుటలలో దాదాపు ఒకే తీరు శీర్షిక కనిపిస్తుంది: ఫలానా పట్టణంలో మిగులు బడ్జెట్‌కు ఆమోదం. అదే పుటలో మరో మూల, అదే పట్టణంలో పారిశుద్ధ్య కార్మికుల వేతనాలు ఆలస్యమయ్యాయనో, కాలిపోయిన మోటారుకు మరమ్మతు జరగక రెండు వార్డులకు నీరందడం లేదనో మరో వార్త ఉంటుంది. తరచి చూస్తే ఈ రెండు వార్తలూ నిజమే. ఖాతాలో డబ్బు ఉండటం, ఆ డబ్బును ఖర్చు చేసే స్వేచ్ఛ ఉండటం వేర్వేరు విషయాలు కావడమే ఈ వైరుధ్యానికి మూలం. చిన్న పట్టణాల ఆర్థిక స్థితిని గురించి రాసే పాత్రికేయులకూ, నిర్ణయాలు తీసుకునే అధికారులకూ ఈ తేడా స్పష్టంగా తెలియవలసిన అవసరం ఎంతైనా ఉంది.

1993 జూన్ 1న అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు రాజ్యాంగ ప్రతిపత్తిని కల్పించింది. పన్నెండవ షెడ్యూలులో 18 విధులను పేర్కొన్నది. అయితే ఆ విధుల నిర్వహణకు అవసరమైన రాబడి మార్గాలను మాత్రం రాష్ట్ర శాసనాలకు, రాష్ట్ర ఆర్థిక సంఘాల సిఫార్సులకు వదిలింది. ఫలితంగా విధుల జాబితా పెరిగినంత వేగంగా రాబడి పెరగలేదు. భారత రిజర్వు బ్యాంకు 2024 నవంబరులో వెలువరించిన నివేదిక దేశంలోని 232 నగరపాలక సంస్థల లెక్కలను పరిశీలించింది. 2023-24లో వాటి రెవెన్యూ రాబడి మొత్తం స్థూల దేశీయోత్పత్తిలో సుమారు 0.6 శాతమేనని అంచనా వేసింది. పెద్ద నగరాల పరిస్థితే ఇలా ఉన్నప్పుడు మూడో శ్రేణి పట్టణాల సంగతి వేరుగా చెప్పనవసరం లేదు.

రాబడి ఎక్కడి నుంచి?

ఆంధ్రప్రదేశ్‌లోని ఒక సాధారణ పురపాలక సంఘానికి నాలుగు మార్గాలలో రాబడి సమకూరుతుంది. ఆస్తి పన్ను, ఖాళీ స్థలాల పన్ను మొదటి తరగతికి చెందినవి. నీటి ఛార్జీలు, పురపాలక దుకాణాల అద్దెలు, మార్కెట్ల ఆశీలు వేలం, వ్యాపార లైసెన్సులు, భవన నిర్మాణ అనుమతుల రుసుములు రెండో తరగతి. ఆస్తుల రిజిస్ట్రేషన్లపై వచ్చే సర్‌ఛార్జి, వృత్తి పన్ను వంటి రాష్ట్రం వసూలు చేసి బదలాయించే మొత్తాలు మూడో తరగతి. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల గ్రాంట్లు నాలుగో తరగతి.

వీటిలో ఏది నిలకడైనది, ఏది కాదు అన్నది ముఖ్యమైన ప్రశ్న. భవన నిర్మాణ రుసుములు, రిజిస్ట్రేషన్ సర్‌ఛార్జి స్థిరాస్తి వ్యాపారంతో పాటు పెరిగి, దానితో పాటే తగ్గుతాయి. వ్యాపారం జోరుగా సాగిన సంవత్సరపు అంకెలను ఆధారం చేసుకొని మరుసటి ఏడాదికి శాశ్వత వ్యయాన్ని పెంచుకున్న పట్టణం ఇబ్బందుల పాలు కాక తప్పదు. వృత్తి పన్నుకు రాజ్యాంగంలోని 276వ అధికరణం విధించిన పరిమితి ఏడాదికి 2,500 రూపాయలు. 1988లో నిర్ణయించిన ఆ పరిమితి నేటికీ మారలేదు. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను అమలులోకి రావడంతో స్థానిక సంస్థలకు చేరుతుండిన వినోదపు పన్ను ఆ పన్నులో కలిసిపోయింది. ప్రకటనలపై పన్ను విధించే అధికారం కూడా అదే సంస్కరణతో తొలగిపోయింది.

కాబట్టి పట్టణం తన సొంత బలంతో నిలబడటానికి మిగిలిన ప్రధానాధారం ఆస్తి పన్ను ఒక్కటే. 2020లో జరిగిన చట్ట సవరణను అనుసరించి 2021 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రంలో అద్దె విలువ స్థానంలో మూలధన విలువ ఆధారంగా ఆస్తి పన్నును లెక్కించే విధానం ప్రవేశించింది. నివాస భవనాలకు మూలధన విలువపై 0.10 నుంచి 0.50 శాతం వరకు, నివాసేతర భవనాలకు 0.20 నుంచి 2 శాతం వరకు పన్ను ఉండవచ్చునని నిబంధనలు నిర్దేశించాయి. ఒక్కసారిగా భారం పడకుండా పెంపు 15 శాతానికి మించరాదన్న పరిమితిని కూడా విధించారు. 1,000 రూపాయల పన్ను ఏటా 15 శాతం చొప్పున పెరిగితే మూడేళ్లలో సుమారు 1,521 రూపాయలకు చేరుతుంది. అయితే ఇది డిమాండ్ పెరుగుదల మాత్రమేనని, వసూలు పెరుగుదల కాదని గమనించాలి. డిమాండ్ పెరిగి వసూలు పెరగకపోతే పెరిగేది బకాయి ఒక్కటే.

వ్యయం ఎందుకు తగ్గదు?

రాబడిలో ఒడిదుడుకులు సహజం. వ్యయంలో ఆ వెసులుబాటు లేదు. తెల్లవారుజామున వీధులు ఊడ్చే కార్మికునికి నెలనెలా వేతనం ఇవ్వాలి. నీటి పథకం మోటార్లకు, వీధి దీపాలకు విద్యుత్ బిల్లు చెల్లించాలి. చెత్త బండ్లకు డీజిలు పోయాలి. నీటి శుద్ధికి పటిక, క్లోరిను కొనాలి. పొరుగు సేవల కార్మికుల వేతనాలను ఆప్కాస్ సంస్థ ద్వారా చెల్లించే పద్ధతిని 2020లో ప్రవేశపెట్టారు. మధ్యలో చెల్లింపు జరిపే సంస్థ ఏదైనా, వేతన భారాన్ని మోయవలసింది మాత్రం పట్టణపు ఖాతాయే.

ఇందుకు ఇటీవలి ఉదాహరణ చెత్త సేకరణ రుసుము. 2021లో ఇంటింటి చెత్త సేకరణ కార్యక్రమంతో పాటు వినియోగ రుసుము వసూలు మొదలైంది. ప్రజల నుంచి వ్యతిరేకత వ్యక్తమైంది. 2024 అక్టోబరు 2న మచిలీపట్నంలో ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడు ఆ రుసుము రద్దును ప్రకటించారు. గృహస్థులకు, చిన్న వ్యాపారులకు ఇది ఊరట కలిగించిన నిర్ణయం. అయితే రుసుము ఆగినంత మాత్రాన చెత్త ఆగదు. బండి యథావిధిగా వీధిలోకి రావాలి. దానికయ్యే ఖర్చుకు ఇతర పద్దుల నుంచి చోటు చూపవలసిన బాధ్యత ఆయా పురపాలక సంఘాలపై ఉంటుంది. ఒక రాబడి పద్దు తొలగినప్పుడు దాని స్థానంలో ఏ పద్దు నిలిచిందన్నది బడ్జెట్‌లో వెతికి చూడవలసిన మొదటి విషయం.

నిల్వలో ఏముంది?

ఇక అసలు విషయానికి వద్దాం. విషయ స్పష్టత కోసం ఒక ఊహాత్మక లెక్కను తీసుకుందాం. ఒక పట్టణపు ముగింపు నిల్వ 12 కోట్ల రూపాయలు అనుకుందాం. అందులో 5 కోట్లు తాగునీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే ఖర్చు చేయవలసిన ఆర్థిక సంఘం గ్రాంటు. 2 కోట్లు గుత్తేదారుల ధరావతులు, దుకాణదారుల డిపాజిట్లు. ఇవి ఏదో ఒకనాడు తిరిగి ఇవ్వవలసినవే. ఒక కోటి గ్రంథాలయ పన్ను, బిల్లుల నుంచి మినహాయించిన పన్నులు. ఇవి ఇతర సంస్థలకు జమ చేయవలసినవి. పనులు పూర్తయి చెల్లింపునకు ఎదురుచూస్తున్న బిల్లులు రెండున్నర కోట్లు. ఇవన్నీ తీసివేయగా మిగిలేది ఒకటిన్నర కోటి. ఆ పట్టణానికి నెలకు కోటి రూపాయల తప్పనిసరి వ్యయం ఉంటే, పన్నెండు కోట్ల మిగులుగా కనిపించినది నిజానికి నెలన్నర ఖర్చుకు మాత్రమే సరిపోతుంది.

గ్రంథాలయ పన్ను విషయం ప్రత్యేకంగా పేర్కొనదగినది. ఆస్తి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున పురపాలక సంఘాలు వసూలు చేసే ఈ మొత్తం జిల్లా గ్రంథాలయ సంస్థకు చెందుతుంది. పౌరుడు చెల్లించాడు, పట్టణం వసూలు చేసింది. కానీ అది పట్టణపు సొమ్ము కాదు. దానిని సకాలంలో జమ చేయకుండా ఖాతాలో ఉంచుకుంటే నిల్వ పెరిగినట్లు కనిపిస్తుంది. అక్కడ గ్రంథాలయంలో మాత్రం కొత్త పుస్తకం రాదు, పత్రికల చందా ఆగిపోతుంది.

అదే విధంగా, చెల్లించని ప్రతి బిల్లూ నగదు లెక్కలో నిల్వను పెంచి చూపుతుంది. ఈ లోపాన్ని సరిదిద్దడానికే 2004లో వెలువడిన జాతీయ పురపాలక అకౌంట్ల మాన్యువల్ జంట పద్దు విధానాన్ని సూచించింది. రావలసినది, ఇవ్వవలసినది, ఆస్తుల తరుగుదల అన్నీ అందులో కనిపిస్తాయి. ఆస్తి అప్పుల పట్టికను చూడకుండా ముగింపు నిల్వను మాత్రమే చూడటం, ఇంటి యజమాని అప్పుల సంగతి అడగకుండా ఆయన జేబులోని డబ్బును లెక్కించడం వంటిది. మార్చి నెలాఖరులో విడుదలయ్యే గ్రాంట్లు కూడా నిల్వను ఒక్కసారిగా పెంచుతాయి. ఏప్రిల్, మే నెలలలో అవి పనులకు వెళ్లవలసిన మొత్తాలే.

గ్రాంటు వెనుక షరతులు

పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పట్టణ స్థానిక సంస్థలకు 1,21,055 కోట్ల రూపాయలు సిఫార్సు చేసింది. ఇందులో పది లక్షలకు మించిన జనాభా గల నగరాలు కాక మిగిలిన పట్టణాల వాటా 82,859 కోట్లు. ఈ మిగిలిన పట్టణాలకు ఇచ్చే గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యాలకే కేటాయించాలి. తక్కిన 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు. కానీ జీతాలకు, కార్యాలయ నిర్వహణకు వాడరాదు. అంటే కార్మికుల వేతనాల కొరతను తీర్చడానికి గ్రాంటులోని ఈ భాగం సైతం ఉపకరించదు.

ఆ గ్రాంటు పొందడానికి సంఘం రెండు ముఖ్య షరతులు విధించింది. లెక్కలను, ఆడిట్ అయిన లెక్కలను నిర్ణీత కాలంలో ప్రజలకు అందుబాటులో ఉంచడం మొదటిది. ఆస్తి పన్ను వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తి వృద్ధికి దీటుగా పెరగడం రెండోది. దీని భావం సుస్పష్టం. తన పన్నును తాను వసూలు చేసుకోలేని పట్టణానికి రెండు విధాల నష్టం: పన్ను రాదు, గ్రాంటు కూడా రాదు. ఆ కాలపరిమితి 2026 మార్చితో ముగిసినప్పటికీ, సొంత వసూలును బట్టి సాయం అన్న సూత్రం పురపాలక యంత్రాంగం మరువరానిది.

బకాయిల భారం

ఆస్తి పన్ను బకాయిపై నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. ఏప్రిల్ 30లోగా ఏడాది పన్ను మొత్తం చెల్లించేవారికి 5 శాతం రాయితీ ఉంది. మొండి బకాయిలను రాబట్టడానికి ప్రభుత్వం వడ్డీ రాయితీలను పలుమార్లు ప్రకటించింది. వీటి వల్ల తక్షణ వసూలు పెరిగిన మాట వాస్తవం. అయితే గడువుకు ముందే చెల్లించినవారికి దక్కేది 5 శాతం, ఏళ్ల తరబడి ఆగినవారికి దక్కేది వడ్డీలో పెద్ద భాగం అయినప్పుడు, ఆగితే మేలన్న అభిప్రాయం బలపడే ప్రమాదం ఉంది. రాయితీ అరుదుగా ఉన్నప్పుడే ఫలిస్తుంది.

బకాయిదారులలో ప్రభుత్వ కార్యాలయాలు కూడా ఉన్నాయన్నది చేదు నిజం. కేంద్ర ప్రభుత్వ ఆస్తులకు 285వ అధికరణం మేరకు ఆస్తి పన్ను మినహాయింపు ఉన్నప్పటికీ, పొందిన సేవలను బట్టి సేవా రుసుము చెల్లించవలసి ఉంటుంది. 2009లో రాజ్‌కోట్ నగరపాలక సంస్థ కేసులో సుప్రీంకోర్టు ఈ రుసుమును ఆస్తి పన్నులో 75, 50, మూడింట ఒక వంతు చొప్పున సేవల స్థాయిని అనుసరించి ఖరారు చేసింది. ఇక రాష్ట్ర శాఖల విషయంలో సమస్య చట్టానిది కాదు, బడ్జెట్ ప్రతిపాదనలలో ఆస్తి పన్నుకు పద్దు చూపకపోవడానిది. సామాన్య గృహస్థునికి నోటీసు అంటించే వీధిలోనే ప్రభుత్వ కార్యాలయం బకాయి పడి ఉంటే ఆ నోటీసుకు విలువ తగ్గుతుంది.

గమనించవలసిన అంశాలు

పురపాలక బడ్జెట్‌ను పరిశీలించే పాత్రికేయ మిత్రులు ముగింపు నిల్వతో పాటు నాలుగు అంకెలను అడగడం ప్రయోజనకరం. ఒకటి, నిల్వలో ముడిపడని సొమ్ము ఎంత. రెండు, చెల్లించవలసిన బిల్లులు ఎంత, అందులో ఆరు నెలలు దాటినవి ఎన్ని. మూడు, డీసీబీ పట్టికలో చాలూ డిమాండ్‌పై వసూలు శాతం ఎంత, పాత బకాయిపై ఎంత. నాలుగు, కిందటి ఏడాది అంచనాకు, వాస్తవ రాబడికి మధ్య అంతరం ఎంత. నాలుగో అంకె మిగిలిన అన్నిటికంటే ఎక్కువ చెబుతుంది. ఏటా పెద్ద అంచనా వేసి ఏటా తగ్గించి సవరించే పట్టణం, రాని డబ్బు మీద పనులు మంజూరు చేస్తున్నదని అర్థం.

అధికారుల వంతుగా, ఈ నాలుగు అంకెలను బడ్జెట్ ప్రతి మొదటి పుటలోనే ముద్రించడం కష్టమేమీ కాదు. డిపాజిట్లు, గ్రంథాలయ పన్ను, గ్రాంట్లు వేర్వేరు ఖాతాలలో ఉంచినట్లయితే నిల్వపై అపోహలకు తావుండదు. కనీసం మూడు నెలల తప్పనిసరి వ్యయానికి సరిపడే సొమ్మును ముట్టరాని నిధిగా కూడబెట్టుకోవడం చిన్న పట్టణాలకు నిజమైన రక్ష. అది ఒక్క ఏడాదిలో సాధ్యం కాదు. మంచి రాబడి వచ్చిన సంవత్సరంలో కొంత పక్కన పెట్టే క్రమశిక్షణ ఉంటే అయిదారేళ్లలో సాధ్యమే.

మే నెల మండుటెండలో నీటి పథకం మోటారు కాలిపోయిన రోజున పట్టణానికి అక్కరకొచ్చేది బడ్జెట్ ప్రతిలోని మిగులు అంకె కాదు. ఆ రోజే చెక్కు రాయగలిగిన ముడిపడని సొమ్ము. ఆ సొమ్ము ఎంతో పౌరులకు తెలియజేయడం పాలకవర్గాల బాధ్యత, అడిగి తెలుసుకోవడం పత్రికల బాధ్యత.

- పౌర సంబంధాల అధికారి