నాలుగు కూతలకే తీర్పా?

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న సామెత మనవాళ్లకి ఎంత ముద్దో చెప్పనక్కర్లేదు. ఆ ముద్దువల్ల ఎంతమంది కుర్రాళ్ల నోట్లో మన్ను పడిందో మాత్రం ఎవరూ లెక్క తియ్యలేదు.

ప్రో కబడ్డీ నడిచే రోజుల్లో మా అనంతపురం జిల్లా కణేకల్లో ఏ టీ కొట్టు దగ్గరైనా సాయంత్రం పూట కాసేపు నిలబడండి. కొత్త రైడర్ ఒకడు మొదటి కూతకి వెళ్లి కాలు దొరికిపోయాడనుకోండి, "ఏంటికప్పా వీన్ని ఆడిస్తాండారు?" అని ఒకాయన విసుక్కుంటాడు. రెండో మ్యాచ్‌లోనూ పట్టుబడితే "నేను మొన్ననే చెప్తి" అంటాడు అదే ఆయన. మూడో మ్యాచ్‌లో వాడు ముగ్గుర్ని తాకి గీత దాటితే "చూస్తివా, పుట్టుకతోనే వచ్చింటాది వానికి" అనేదీ ఆయనే. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు, ఊరికే కాలక్షేపానికి అంటున్నాడు. అదే మాట టీవీలో కోటు వేసుకుని చెప్పేవాళ్లతోనూ, డబ్బు పెట్టి జట్లు నడిపేవాళ్లతోనూ, జిల్లా జట్టు ఎంపికలో కుర్చీ వేసుకుని కూర్చునేవాళ్లతోనూ నా తగువు. సత్తా ఉన్నవాడు తొలి సీజన్లోనే కనపడతాడని వీళ్ల నమ్మకం. అది శుద్ధ తప్పు.

పర్‌దీప్ నర్వాల్ సంగతి తీసుకుందాం. 2015లో బెంగళూరు బుల్స్‌కి ఆడిన తొలి సీజన్లో ఆ పద్దెనిమిదేళ్ల కుర్రాడు తెచ్చిన రైడ్ పాయింట్లు ఆరు మ్యాచ్‌ల్లో తొమ్మిది. మన సామెత ప్రకారం అయితే అక్కడితో సరి. బెంగళూరు వదులుకుంది, పట్నా పైరేట్స్ తీసుకుంది. ఆ తర్వాతి మూడు సీజన్లూ పట్నాదే కప్పు. 2017 సీజన్లో అతనొక్కడే 369 రైడ్ పాయింట్లు తెచ్చాడు. హరియాణా స్టీలర్స్ మీద ఒక్క మ్యాచ్‌లోనే 34. చివరికి ఆట మానేసేనాటికి అతని పేరున ఉన్నవి 1801. ఆ తొమ్మిది పాయింట్లను చూసి ఈ 1801ని ఊహించినవాడెవడైనా ఉంటే వాడికి దండం పెడతాను. 'నాకు ముందే తెలుసు' అనేవాళ్లు మాత్రం ఇప్పుడు బోలెడుమంది.

పవన్ సెహ్రావత్ కథా అలాంటిదే, తిరుగుడు మాత్రం ఇంకాస్త ఎక్కువ. 2017లో గుజరాత్ జట్టులో అతను ఎక్కువగా బెంచీ మీదే కూర్చున్నాడు, తెచ్చిన పాయింట్లు పదీపరక. మరుసటేడు బెంగళూరుకి వచ్చి 271 రైడ్ పాయింట్లు కొట్టాడు. 2019 జనవరి 5న ఫైనల్లో 22 పాయింట్లు తెచ్చి కప్పు చేతికందించాడు. ఎదురు జట్టు ఏదనుకున్నారు? ఏడాది కిందట బెంచీ మీద కూర్చోబెట్టిన ఆ గుజరాతే.

ఒక్క ఏడాదిలో మనిషి కాళ్లలోకి అంత బలం ఎక్కణ్నుంచి వచ్చింది? ఎక్కణ్నుంచీ రాలేదు. మారింది అతనికి అప్పజెప్పిన పని. ఇది అర్థం కావాలంటే కూత ఎలా నడుస్తుందో కాస్త దగ్గరగా చూడాలి.

రైడర్‌కి 30 సెకన్ల గడువు. ఎదుట ఆరుగురో ఏడుగురో ఉంటేనే బోనస్ గీత మీద పాయింటు దొరుకుతుంది. వాళ్లు ముగ్గురికో ఇంకా తక్కువకో పడిపోయినప్పుడు రైడర్‌ని పడితే సూపర్ ట్యాకిల్, వాళ్లకి అదనంగా ఇంకో పాయింటు. జట్టు వరసగా రెండు కూతలు ఖాళీగా ముగిస్తే మూడోది డూ ఆర్ డై, పాయింటు తేకపోతే వెళ్లినవాడు అవుట్. ఇప్పుడు జట్టులో పెద్ద రైడర్‌ని గమనించండి. రిస్కు ఎందుకనుకున్నప్పుడు మధ్యలో అటూ ఇటూ అడుగులేసి, ఖాళీ చేతులతో వెనక్కి వచ్చేస్తాడు. అలాంటివి రెండయ్యాక ఆ మూడో కూతకి పంపేది చాలాసార్లు కొత్త పిల్లోణ్నే. వీడు ఎలాగూ లోపలికి రాక తప్పదని అవతలివాళ్లకి తెలుసు. కార్నర్లు నడుం వంచి, చేతులు ముందుకు పెట్టుకుని కాచుకుంటారు. వీడు కాలు చాపడమే ఆలస్యం, ఒకడు చీలమండ అందుకుంటాడు, కవర్లో ఉన్నవాడు వచ్చి నడుం మీద పడతాడు. ఇక బయటికెళ్లి కూర్చోవాలి. తన జట్టు పాయింటు తెస్తే, అవుటైనవాళ్ల వరసలో తన వంతు వస్తే, అప్పుడు మళ్లీ లోపలికి. డిఫెన్స్ చేతకాని జట్టయితే ఆ వంతు ఎప్పటికి వస్తుందో దేవుడికెరుక.

మ్యాచ్ ముగిశాక తెర మీద పడేది మాత్రం 'రైడ్లు 5, పాయింటు 1'. ఆ ఐదూ ఎలాంటి కూతలో, వాడు ఎన్ని నిమిషాలు బయట కూర్చున్నాడో ఆ అంకెలో ఉండదు. పైగా అంకె ఎంత చిన్నదైతే అంత మోసగత్తె. నాలుగు మ్యాచ్‌ల్లో ఇరవై కూతలకి వెళ్లి ఐదు పాయింట్లు తెచ్చినవాడు దండగ మనిషి. అదే ఇరవైలో ఎవరో ఒకడు తడబడి, నలుగురైదుగురు ఒకేసారి మీద పడి, ఆ గుంపుతో సహా గీత తాకాడనుకోండి, అంకె రెట్టింపై వాడు వీరుడైపోతాడు. కాళ్లు అవే, ఊపిరి అదే.

పొగడ్తా ఇంతే తొందరపాటు. సిద్ధార్థ్ దేశాయ్ 2018లో యు ముంబా తరఫున తొలి సీజన్లోనే 218 రైడ్ పాయింట్లు తెచ్చాడు. 'బాహుబలి' అన్నారు. మన తెలుగు టైటాన్స్ కోటీ నలభై ఐదు లక్షలు పోసి తెచ్చుకుంది. మనవాళ్ల లెక్క ఏమిటంటే, అతనొస్తే గెలుపూ వెంట వస్తుందని. అతను మాట తప్పలేదు, ఇక్కడా 217 తెచ్చాడు. టైటాన్స్ మాత్రం ప్లేఆఫ్ మొహం చూడలేదు. ముంబాలో అతను పట్టుబడితే లోపలికి తెచ్చిపెట్టడానికి ఇరాన్ నుంచి వచ్చిన మేటి డిఫెండర్ ఫజల్ అత్రాచలి ఉన్నాడు. కొన్నవాళ్లు రైడర్‌ని కొన్నారు, ఆ రైడర్ వెనకున్న గోడని కొనలేదు. అదే టైటాన్స్ 2021-22లో 22 మ్యాచ్‌లాడి ఒక్కటి గెలిచింది, ఆ తర్వాతి రెండు సీజన్లలో రెండేసి. ఆ చివరి సీజన్లో జట్టులో ఎవరున్నారనుకున్నారు? రెండు కోట్ల అరవై లక్షలు పెట్టి కొన్న పవన్ సెహ్రావత్. పవన్ వల్లే కాని పనిని, అదే జట్టులో తొలిసారి మ్యాట్ ఎక్కిన పిల్లోడు చెయ్యలేదని కొట్టిపారేస్తామా?

ఈ రోగం మన ఒక్కరిదే కాదు. మన పిల్లలు డల్లాస్‌లోనూ న్యూజెర్సీలోనూ స్థిరపడ్డాక అమెరికన్ ఫుట్‌బాల్ కూడా మన ఇళ్లలోకి వచ్చింది. అందులో రన్నింగ్ బ్యాక్ అంటే బంతి చంకన పెట్టుకుని మనుషుల గోడలోకి దూరిపోయేవాడు, ఒక రకంగా రైడరే. ముందున్న లావుపాటి తోడుగాళ్లు సందు తెరిస్తేనే అతనికి దారి. కొత్తగా వచ్చినవాడు పరుగుకి సగటున ఎన్ని గజాలు తెచ్చాడన్నదే అక్కడ తీర్పు. 2001లో లడేనియన్ టాంలిన్సన్ తొలి సీజన్ సగటు 3.6 గజాలు. 2012లో ట్రెంట్ రిచర్డ్‌సన్ తొలి సీజన్ సగటు కూడా 3.6 గజాలే. మొదటివాడు 2006లో లీగ్ మొత్తానికీ ఉత్తమ ఆటగాడయ్యాడు, హాల్ ఆఫ్ ఫేమ్‌కీ ఎక్కాడు. రెండోవాడు ఆ తర్వాత ఎక్కడా నిలదొక్కుకోలేక కొన్నేళ్లకే కనుమరుగయ్యాడు. ఒకటే అంకె, ఇద్దరి రాతలు. ఆ అంకె పట్టుకుని జోస్యం చెప్పినవాడికి చిలక జోస్యగాడికన్నా ఎక్కువ గౌరవం ఎందుకివ్వాలో నాకు తెలియదు. క్రికెట్టే కావాలంటే మన హైదరాబాద్ లక్ష్మణ్ ఉన్నాడు. 1996 నవంబర్‌లో తొలి టెస్టు, తొలి సెంచరీ 2000 జనవరిలో సిడ్నీలో. మధ్యలో తనది కాని ఓపెనర్ చోట ఆడించారు, తీశారు, మళ్లీ తెచ్చారు. కోల్‌కతాలో 281 కొట్టింది ఆ తర్వాతే.

"మరి నవీన్ కుమార్ మాటేమిటి? వాడు మొదటి సీజన్లోనే అదరగొట్టలేదా?" అని అడుగుతారు. అదరగొట్టాడు. 2018లో దబంగ్ ఢిల్లీకి వచ్చి ఆడాడు, మరుసటి సీజన్లో 301 రైడ్ పాయింట్లు తెచ్చాడు. తొలి ఏడే మెరిసేవాళ్లు లేరని నేననలేదు. మెరవనివాళ్లలో సత్తా లేదనడమే తప్పంటున్నాను. సామెతకి సాక్ష్యంగా నిలబడ్డవాళ్లని మాత్రమే జ్ఞాపకం పెట్టుకుంటే ఏ సామెతైనా నిజమే అవుతుంది.

అసలు అనంతపురం జిల్లావాళ్లకి ఈ మాట ఒకరు చెప్పాలా? కణేకల్ చెరువు కింద, హెచ్చెల్సీ కాలవ కింద వరి పెట్టే వాళ్లని పక్కన ఉంచండి. మెట్టలో శనక్కాయ వేసే రైతుని అడగండి. విత్తిన నెలకి అటూ ఇటూగా చేనంతా పసుప్పచ్చ పూలు పూస్తుంది. ఆ పూలు చూసి బ్యాంకు అప్పు తీరిపోయిందనుకునే రైతు ఈ జిల్లాలో ఒక్కడుండడు. పువ్వు రాలాక ఊడ దిగాలి, ఊడ మెత్తని మట్టిలోకి దూరాలి, ఆ వేళకి వాన పడాలి, కాయలో గింజ నిండాలి. చెట్టు పీకి చూసేదాకా నోరు మెదపడు. పంట దగ్గర అంత ఓపికున్న మనిషి, టీవీ ముందు కూర్చోగానే పువ్వు వాసన పట్టి తీర్పు చెబుతాడెందుకో!

ఏం చూడాలంటారా? వాడు నిన్న దొరికిన పట్టుకే ఇవాళా దొరుకుతున్నాడా, లేక కొత్త పట్టుకి దొరుకుతున్నాడా చూడండి. కొత్తదానికి దొరుకుతున్నాడంటే నేర్చుకుంటున్నట్టే. వాణ్ని మొదటి కూతకి పంపుతున్నారా, మూడోదానికేనా? పట్టుబడి తిరిగొచ్చాక మళ్లీ అదే ఒడుపుతో లోపలికి అడుగేస్తున్నాడా, గీత దగ్గరే తచ్చాడుతున్నాడా? మంచి కోచ్‌లు చూసేవి ఇవే. స్కోరుబోర్డు మీద ఇవేవీ రావు.

టీవీ వాళ్లని మార్చడం మన చేతుల్లో లేదు గానీ, మన ఊళ్ల పోటీలు మన చేతుల్లోనే ఉన్నాయి. జాతరలకీ పండగలకీ పెట్టే కబడ్డీ పోటీలు చాలావరకు నాకౌట్. పొద్దున ఒక్క మ్యాచ్ ఓడితే మధ్యాహ్నానికి బస్సెక్కాల్సిందే. పదహారేళ్ల కుర్రాడు రెండు కూతలకెళ్లి, రెండింట్లోనూ పట్టుబడి, 'మనకి రాదులే' అనుకుని ఇంటికి పోతాడు. కణేకల్ చుట్టుపక్కల, బొమ్మనహాళ్ వైపూ రాయదుర్గం వైపూ పోటీలు పెట్టే కమిటీలవాళ్లకి ఒక్కటే మనవి. జట్లని నాలుగేసి చొప్పున గ్రూపులు చెయ్యండి, ప్రతి జట్టుకీ కనీసం మూడు మ్యాచ్‌లు దక్కనివ్వండి. ఇంకో రోజు పడుతుంది, ఖర్చూ పెరుగుతుంది. మొదటి బహుమతిలోంచి కొంత తగ్గించి ఆ రోజు పిల్లలకి భోజనాలు పెట్టండి.