పేరు పడని మాస్టారు

సినిమా మొదట్లో పేర్లు పడతాయి చూశారూ... హీరో పేరుకి ఈలలు, సంగీత దర్శకుడి పేరుకి చప్పట్లు! మరి ఆ సంగీత దర్శకుడికి సంగీతం నేర్పినాయన పేరు ఏ రీల్లో పడుతుంది? ఎక్కడా పడదు. ఈ వారం కబుర్లు అలాంటి ఓ మాస్టారి గురించి.

మా మాధవరంలో కీబోర్డు వాయించే కుర్రాడొకడున్నాడు. ఏ పాటైనా ఒక్కసారి వింటే చాలు, వేళ్లు పరుగెడతాయి. "చెవి ఉంటే సాలదాన్నా? నొటేషన్ యాల?" అని నన్ను నిలదీశాడు. వాడికి చెప్పిన జవాబే మీకూ చెబుతాను.

మద్రాసు మైలాపూరులో ఓ లాడ్జి గది. అక్కడ ధన్‌రాజ్ మాస్టారు పియానో, గిటారు, పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నేర్పేవారు. 1968 ప్రాంతాల్లో పణ్ణైపురం అనే పల్లె నుంచి రాజయ్య అనే యువకుడు మద్రాసు వచ్చి ఆయన శిష్యుడయ్యాడు. అతన్ని 'రాజా' అన్నది మాస్టారే. 1976లో 'అన్నక్కిళి' సినిమాతో దానికి ముందు 'ఇళయ' చేరింది. ఇంకెవరు... మన ఇళయరాజాయే!

రాజాకి పాట కొత్త కాదు. అన్న పావలర్ వరదరాజన్ బృందంతో ఊరూరా తిరిగి వాయించినవాడే. మరి మాస్టారు ఇచ్చిందేమిటి? కాగితం మీద అయిదు గీతలు! పియానోకి మెట్లు 88. కుడిచెయ్యి వరస వాయిస్తుంటే ఎడమచెయ్యి దానికి తోడు స్వరాలు పలికిస్తుంది. మన సంగీతంలో ఒకే వరస గమకాలతో వంపులు తిరుగుతుంది. పియానో మెట్టు వంగదు, అందుకే పక్క స్వరాల్ని తోడు తెచ్చుకుంటుంది. ఈ రెండు మర్మాలూ తెలిసినవాడు ఏ వాద్యం ఏం వాయించాలో ముందే రాసి చేతికివ్వగలడు. నలభై మందికి నోటితో నేర్పుతూ కూర్చుంటే రికార్డింగు రోజు కాస్తా గడిచిపోదూ?

ఎ.ఆర్.రెహమాన్ సంగతి చూడండి. తండ్రి ఆర్.కె.శేఖర్ 1976లో పోయేనాటికి అతనికి తొమ్మిదేళ్లు. పసితనంలోనే ఇంటి బరువు నెత్తిన పడింది. మన రమేశ్ నాయుడు దగ్గర, రాజ్-కోటి దగ్గర కూడా కీబోర్డు వాయించాడు. వేళ్లే అన్నం పెడుతున్నాయి కదా, చదువెందుకు అనుకోలేదు. ధన్‌రాజ్ మాస్టారి దగ్గర నేర్చుకున్నాడు. మన బొబ్బిలి బిడ్డ విద్యాసాగర్ కూడా ఆ మాస్టారి శిష్యుడే.

ఇప్పుడు లెక్క వేసుకోండి. 'సాగర సంగమం' (1983)కి ఇళయరాజాకి, 'రోజా' (1992)కి రెహమాన్‌కి, 'స్వరాభిషేకం' (2004)కి విద్యాసాగర్‌కి జాతీయ అవార్డులు. మొదటిదీ చివరిదీ మన కె.విశ్వనాథ్ గారి సినిమాలే. ముగ్గురికీ పాఠం చెప్పింది ఒక్కరే!

"అది సరేగానీ అన్నా, ఆదోని పోయినా ఎమ్మిగనూరు పోయినా పియానో మాస్టారు యాడ దొరుకుతాడు?" అన్నాడు మావాడు. న్యాయమైన మాటే. పణ్ణైపురంలో మాత్రం దొరికాడా? రాజయ్యే వెతుక్కుంటూ పోయాడు. అలా పోయే పిల్లలకి ఇప్పుడు దారి కాస్త తెరుచుకుంది. 2008లో రెహమాన్ చెన్నైలోనే కె.ఎం. మ్యూజిక్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాల పెట్టాడు. శిష్యుడు గురువు రుణం తీర్చుకునే పద్ధతి అది.

ఇక 'నొటేషన్ యాల?' అన్నదానికి అసలు జవాబు. 2025 మార్చి 8న లండన్‌లో రాయల్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా ఇళయరాజా రాసిన 'వేలియంట్' సింఫనీ వాయించింది. ఆ వాద్యకారులకి మన భాష రానక్కర్లేదు, మన పాటలు విని ఉండనక్కర్లేదు. ఎదురుగా ఉన్న కాగితం చాలు! చెవి మన ఊరి సొత్తు, కాగితం మాత్రం సముద్రాలు దాటుతుంది. ఏమంటారు?

అన్నట్టు, మీ ఊళ్లో హార్మోనియమో, తబలానో, పియానోనో నేర్పుతూ ఓ మూల గదిలో ఉండిపోయిన మాస్టారు ఉన్నారా? ఈసారి అటు వెళ్లినప్పుడు ఓ నమస్కారం పెట్టి రండి. ఆయన పేరు ఏ తెరమీదా పడదు మరి!