గృహిణీ వ్యవహారములు: చిన్నకారునకు క్రొత్త టైర్లు

ఈ నెల నేను వ్రాయబూనిన విషయము వంటయింటిది కాదు, పూజగదిది కాదు. వాకిట నిలుచు చిన్నకారు చక్రములది. ఇది మనకేల, పురుషులు చూచుకొందురు గదా యని కొందఱు పుట త్రిప్పివేయుదురేమో. ఆ కారులో కూర్చుండువారెవరు? మనమును, మన పిల్లలును, ముసలివారగు అత్తమామలును గదా! దశరథుని రథమునకు శీల యూడినపుడు తన వ్రేలడ్డుపెట్టినది కైకేయి యని పెద్దలు చెప్పు కథ మీరెఱుగనిది కాదు. మనము వ్రేలు పెట్టనక్కఱలేదు, కన్నుపెట్టిన జాలును.

మా కొనకనమిట్ల వంటి యూళ్ళలో కారు దినదినము తిరుగునది కాదు. బడికి స్కూటరున్నది, పొలమునకు మోటారుసైకిలున్నది. కారు కదలునది పెండ్లికి పొదిలి పోవునపుడు, సంతసామానులకు మార్కాపురము పోవునపుడు, ఒంట్లో బాగులేక ఒంగోలు పోవునపుడు. తక్కిన దినములన్నియు వేపచెట్టు క్రిందనో, నీడలేనిచో నడియెండలోనో నిలిచియుండును. కావున మన టైర్లు అరిగి చెడుట తక్కువ; ముసలివై చెడుట యెక్కువ. ఈ భేదము తెలియకయే చాలమంది మోసపోవుచున్నారు.

రబ్బరును గంధకముతో కలిపి వేడిచేసి గట్టిపఱచు పద్ధతిని 1839లో చార్లెస్ గుడియరు కనుగొనెను. నాటినుండి నేటివఱకు రబ్బరునకు శత్రువులు మాత్రము మాఱలేదు: ఎండ, వేడి, గాలి. మా ప్రాంతమున వేసవిలో వేడిమి నలువది డిగ్రీలు దాటుట వింత కాదు. తారురోడ్డు అంతకంటెను కాగును. కొన్నియేండ్లు గడచునప్పటికి టైరు ప్రక్కగోడపై సన్నని గీతలు తోచును. పిదప అవియే యెండిన చెరువునేల బీటలవలె విచ్చుకొనును. పైన గాడులు లోతుగానేయుండును. చూచువాడు, "ఇంకా రెండేళ్ళు లాగుతయ్యమ్మా" యనును.

మా యింట జరిగిన చర్చయు నిదియే. మావారు గాడిలో వ్రేలుపెట్టి లోతు చూపిరి. నేను ప్రక్కగోడపైనున్న నాలుగంకెలు చూపితిని. ప్రతి టైరుపైనను కోడిగ్రుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలుండును. మొదటి రెండు వారమును, తర్వాతి రెండు సంవత్సరమును తెల్పును. మావాటిపై 1419 అనియుండెను. అనగా 2019వ సంవత్సరము పదునాలుగవ వారమున తయారైనవి. ఆరేండ్లు దాటినవి, బీటలు వాఱినవి. అయిదేండ్లు గడచినపిమ్మట ఏటేట నిపుణునిచే పరీక్ష చేయించవలెననియు, పదియేండ్లు నిండినవి యెంత బాగుగా కనబడినను తీసివేయవలెననియు కొందఱు తయారీదారులే చెప్పుచున్నారు. అది చల్లని దేశములకును కలిపి చెప్పిన పైహద్దు. మా యెండలలో నేనంతవఱకు ఆగజాలను. నాలుగింటికి పదివేల రూపాయలకు పైమాటే. ఆ సొమ్ము మా అమ్మాయి కాలేజి ఫీజునకై యెత్తిపెట్టినది. అయినను మే నెలలో మా అత్తగారిని గుండెవైద్యునికి చూపించుటకు ఒంగోలు తీసికొనిపోవలసియున్నది. మధ్యాహ్నపుటెండలో ఎనుబది కిలోమీటర్ల వేగమున టైరు ప్రేలినచో ఫీజు కట్టువారెవరు, చదువువారెవరు? ఈ మాట అత్తగారి యెదుట అనలేదు గాని మావారితో అంటిని. ఫీజు రెండు వాయిదాలుగా కట్టుటకు కాలేజివారి నడుగుదమని నిశ్చయించితిమి.

ఇక కొనుట. ఆల్టో 800 కారు తయారీ 2023లో నిలిచిపోయినను మనయూళ్ళ వాకిళ్ళలో అది విస్తారముగా నున్నది గనుక దానినే చెప్పెదను. దాని టైరుపై 145/80 ఆర్ 12 74 టి అని యుండును. ఇది బీజాక్షరమేమియు గాదు. 145 అనునది వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అనగా ప్రక్కగోడ యెత్తు ఆ వెడల్పులో నూటికి ఎనుబది వంతులు, అనగా 116 మిల్లీమీటర్లు. ఆర్ అనునది రేడియల్ అను నిర్మాణపద్ధతికి గుర్తు. 12 లోపలి యినుపచక్రపు కొలత, అంగుళములలో. 74 అనగా ఒక్కొక్క టైరు 375 కిలోల బరువు మోయగలదని. టి అనగా గంటకు 190 కిలోమీటర్లవఱకు తాళునని. మన కారునకు ఆ వేగమును లేదు, మనకు ఆ తొందరయు లేదు.

దుకాణదారుడు, "ఈ సైజు లేదు, కొంచెం పెద్దది వేస్తా, బండి గట్టిగా ఉంటది" యనవచ్చును. 155/80 వేసినచో చక్రపు అడ్డుకొలత 537 మిల్లీమీటర్లనుండి 553కు పెరుగును. కారు నిజముగా ఎనుబదిలో పోవుచుండగా ముల్లు డెబ్బదియెనిమిదికి లోపుగానే చూపును. చక్రము త్రిప్పునపుడు రేకునకు రాయుటయు కలదు. కారు తయారీవారు చెప్పిన కొలతయే మనకు ప్రమాణము. వలసినచో రెండు దినములాగి తెప్పించుకొనుడు.

అమెరికాలోనున్న మా మరిది ఫోనులో, "వదినా, ఆల్ సీజన్ టైర్లు అడిగి తీసుకోండి" యనెను. ఆ మాట అక్కడికి తగినదే. వేసవికై చేసిన రబ్బరు ఏడు డిగ్రీలకు దిగువ చలిలో బిఱుసెక్కి పట్టు కోల్పోవును. అందుచే మంచుదేశములలో చలికాలమునకు వేఱు టైర్లు, వేసవికి వేఱు టైర్లు; ఏటికి రెండుమాఱులు మార్చలేనివారికి మధ్యరకముగా అన్ని ఋతువులవి. ఘోరమైన మంచునకు గూడ తగిన వానిపై మూడు శిఖరముల కొండయు, మంచుపూవును ముద్రించియుండును. ఆ ముద్రకై మార్కాపురములో వెదకుట పలకల గనిలో ముత్యములకై వెదకుట వంటిది! మన ఋతువులు రెండే యనుకొనుడు: కాల్చునెండ, జాఱువాన. ఎమ్మారెఫ్, అపోలో, సియట్, జేకే మొదలగువారు ఇక్కడ అమ్ము సాధారణపు టైర్లు ఈ రెంటికొఱకే చేయబడినవి. కొన్నిటిపై అమెరికా పద్ధతిలో వేడికి ఓర్చు గుణమును ఏ, బి, సి యని ముద్రింతురు. ధర సమానమైనచో ఏ ఉన్నదానినే నేను కోరుదును. వానమాట యనగా, నెలల తరబడి దుమ్మును నూనెయు పేరుకొన్న రోడ్డుపై పడు తొలకరివానయే మిక్కిలి ప్రమాదకరము. నీటిని ప్రక్కకు చిమ్ముట గాడుల పని. గాడుల నడుమ చిన్న గట్లవంటివి యుండును, అవి 1.6 మిల్లీమీటర్ల యెత్తువి. టైరు అరిగి ఆ గట్టుతో సమమైన దినమున అది గుండయినట్లే లెక్క.

మా సర్కారుతుమ్మ ముండ్ల నెఱిగినవారికి ట్యూబ్‌లెస్ టైరు సంగతి వేఱుగా చెప్పనేల? ముల్లు దిగినను గాలి మెల్లమెల్లగా పోవును, ఇల్లు చేరవచ్చును. కాని ప్రక్కగోడకు పడిన చిల్లిని అతికించి వాడరాదు. ఎంత నేర్పరి యతికినను నేను నమ్మను.

నాలుగును ఒకేసారి కొనలేక రెండు కొనువారికొక మాట. ఈ చిన్నకార్లను లాగునవి ముందుచక్రములు. కావున అవియే ముందరుగును, క్రొత్తవి ముందే వేయవలెనని అందఱు ననుకొందురు. క్రొత్తవి వెనుకకే వేయించి, వెనుకనున్న మంచివానిని ముందునకు మార్పించుడు. తడిరోడ్డుపై ముందుచక్రములు జాఱినచో వేగము తగ్గించిన మరల పట్టు దొరకును. వెనుకవి జాఱినచో కారు గిరగిర తిరుగును. దానిని నిలుపుట మావారివంటి నెమ్మది డ్రైవర్లకు సాధ్యము కాదు.

దుకాణమున నాలుగింటి తారీఖులను మీరే చదువుడు. ఏడాది దాటినవైన వేఱు తెమ్మనుడు. ఐ.ఎస్.ఐ. ముద్ర చూడుడు. 2025 సెప్టెంబరు 22 నుండి టైర్లపై జీఎస్టీ నూటికి 28 నుండి 18కి తగ్గినది గనుక పాతధర చెప్పినచో ఊరకుండకుడు. టైరు సంఖ్యలు వ్రాయించి రసీదు పుచ్చుకొనుడు. తయారీలోపము బయటపడిన అదే ఆధారము. బ్యాలెన్సింగు, అలైన్‌మెంటు చేయు యంత్రమున్నచోటనే బిగింపించుట మేలు. పాతటైర్లకు మరల గాడులు కోసి నల్లరంగు పూసి అమ్మువారున్నారు. ఆ చౌక మనకు వలదు.

గాలి యెంత యుండవలెనో డ్రైవరు తలుపు తీసిన అచ్చటి కంబముపై చీటి యంటించియుండును. నెలకొకసారి తెల్లవాఱుజామున, కారు కదలకమునుపే, కొలిపింపుడు. వేడి సుమారు ఆఱు డిగ్రీలు పెరిగిన గాలి ఒక పౌను పెరుగును. మధ్యాహ్నము కొలిచి ఎక్కువగానున్నదని వదలివేయుదురు, సాయంకాలమునకు తక్కువగును. గాలి తక్కువైన టైరే మడతపడి, కాగి, ప్రేలునది. నైట్రోజను నింపెదనని సొమ్మడుగువారికి, మామూలు గాలిలోనే నూటికి 78 పాళ్ళు నైట్రోజనున్నదని చెప్పుడు.

మా కారు వెనుక డిక్కీలోని స్టెప్నీని తీసి చూడగా అదియు 2019దే. ఒక్కమాఱును రోడ్డు చూడనిది. దానిని ఊరు చేరువఱకు మెల్లగా నడుపుటకు మాత్రమే యుంచితిమి. తీసివేసిన నాలుగింటిని కొందుమని యొకడు వచ్చెను. మరల నెవరి కారునకో తగిలింతురని నేనీయలేదు. ప్రక్కలు కోయించి, రెంటిని మల్లెపాదులకు గట్లుగా పాతించితిని, రెంటిని పిల్లలు ఊయల కడిగిరి. నీరు నిలిచి డెంగీ దోమలు చేరకుండ క్రిందివైపు చిల్లులు వేయించితిని.