మిక్సీ నోరు నొక్కకండి, గోడ సరిగ్గా కట్టండి

"కాస్త ఆ మిక్సీ ఆపుతావా, మీటింగ్‌లో ఉన్నా!" ఈ మాట వినని ఇల్లాలు ఈ రోజుల్లో ఉందా? పచ్చడి ఆగుతుంది, ఇడ్లీపిండి ఆగుతుంది. చప్పుడు చేసేది మిక్సీ, మాట పడేది మనం. అసలు దోషిని మాత్రం ఎవరూ అడగరు. వంటింటికీ పక్కగదికీ మధ్య నిలబెట్టిన ఆ డొల్ల గోడ!

ఇనుప ఫ్రేమ్, అటొక జిప్సం షీటు, ఇటొక షీటు, మధ్యలో ఖాళీ. కొడితే తప్పెటలా మోగుతుంది. మళ్ళీ దానికే కబోర్డులు తగిలించమంటారు. పప్పులూ స్టీలు డబ్బాలూ మోసేది అర అంగుళం షీటా?

"ఆడవాళ్ళకేం తెలుసు గోడల సంగతి" అంటారు. తెలుసుకుంటే పోయె!

చప్పుడు ఆగాలంటే బరువు, మెత్తదనం, ఎడం మూడూ కావాలి. బరువుకి రెండు వైపులా రెండేసి 12.5 మి.మీ. షీట్లు. మెత్తదనానికి మధ్యలో 50 మి.మీ. రాక్‌వూల్. ఎడానికి వంటింటి వైపు నిలువు ఫ్రేమ్ వేరు, గది వైపుది వేరు, ఒకదానికొకటి తగలకుండా. లేకపోతే కబోర్డు తలుపు వేసిన ప్రతి దెబ్బా అటువైపు వినిపిస్తుంది. కబోర్డుల బరువుకి, వంటింటి వైపు ఫ్రేమ్‌కి 18 మి.మీ. ప్లైవుడ్ బిగించి, దానిమీద షీటు వేయాలి. స్క్రూలు ఆ ప్లైవుడ్‌లోకి దిగాలి. సింకు దగ్గర తేమని తట్టుకునే రకం షీటు వాడాలి. గోడ ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆగిపోకుండా పై స్లాబు దాకా వెళ్ళాలి, అంచుల సందులన్నీ సీలెంట్‌తో మూయాలి. స్విచ్‌బోర్డులు వీపుకి వీపు ఆనించి పెట్టకూడదు. గాలి దూరే సందు చాలు, చప్పుడు దూరడానికి.

"గోడ కడితే వంటింట్లో ఒంటరైపోమూ?" అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఓపెన్ కిచెన్ నచ్చితే హాయిగా ఉంచుకోండి. కానీ అప్పుడు తాళింపు ఘాటూ, కుక్కర్ విజిలూ ఇంటిల్లిపాదీ భరించాలి. వంటిల్లు తెరిచీ ఉండాలి, నోరు మూసుకునీ ఉండాలి అంటే మాత్రం కుదరదు. ఆయన మీటింగ్ ఎంత నిజమో, మన వంటా అంతే నిజం.

"రోజూ కాసేపేగా, దానికింత ఖర్చెందుకు?" అంటారేమో. హాల్లో టీవీ వెనక చెక్కపని చేయించినప్పుడు ఆ లెక్క ఎవరైనా వేశారా?

కాబట్టి అమ్మాయిలూ, షీట్లు మూయకముందే వెళ్ళి నిలబడండి. ప్లైవుడ్ నేలనుంచి ఎంతెత్తులో ఉందో టేపుతో కొలిచి ఫోటో తీసుకోండి. ఒకసారి మూసేశాక ఆ గోడ మీతో నిజం చెప్పదు.