కాలేజీ లేని ప్రిన్సిపాల్: కార్ నికోబార్ నుంచి ఒక పాఠం

పన్నెండో తరగతి పాసయ్యాక ఒక దరఖాస్తు ఫారం పట్టుకుని పోర్ట్ బ్లెయిర్‌లో ఒక కౌంటర్ ముందు నిలబడ్డాను. కులం గడిలో ఎస్సీ అని రాసి, శ్రీకాకుళం జిల్లాలోని మా ఊరి నుంచి నాన్న తెప్పించిన తహసీల్దారు కాగితం జత చేశాను. గుమస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక్కడ ఎస్సీలు ఉండరు, జనరల్ అని రాయి" అన్నాడు హిందీలో. వెనక వరసలో ఎవరో నవ్వారు. తాత విశాఖలో ఓడెక్కి కూలి పనికి ఇక్కడికి వచ్చిన రోజు నుంచీ, మేము ఏ పేట వాళ్లమో జంగ్లీఘాట్‌లో మా తెలుగువాళ్లందరికీ తెలుసు. పెళ్లి భోజనాల్లో తెలుసు, ఇల్లు అద్దెకు అడిగినప్పుడు తెలుసు. తెలియనిది ఆ ఫారానికి ఒక్కదానికే.

గుమస్తా అబద్ధం చెప్పలేదని తర్వాత అర్థమైంది. అండమాన్ నికోబార్ దీవులకు షెడ్యూల్డ్ కులాల జాబితా లేదు. 1959లో వెలువడిన రాష్ట్రపతి ఉత్తర్వు ఇక్కడి ఆరు సమూహాలను షెడ్యూల్డ్ తెగలుగా గుర్తించింది: అండమానీలు, జారవాలు, ఒంగేలు, సెంటినలీలు, నికోబారీలు, షొంపెన్‌లు. దళితుల విషయంలో అలాంటి ఉత్తర్వు ఏదీ రాలేదు. మా పాత ఊరి కాగితం కేంద్ర విశ్వవిద్యాలయాల్లోనూ కేంద్ర ఉద్యోగాల్లోనూ చెల్లుతుంది కానీ, పుట్టి పెరిగిన ఈ దీవుల్లో కాదు. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల బొంబాయిలో పెరిగిన మర్రి చంద్రశేఖరరావు అనే షెడ్యూల్డ్ తెగ విద్యార్థి మెడికల్ సీటు కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. 1990లో కోర్టు ఇచ్చిన జవాబు కూడా ఇదే: ఒక రాష్ట్రంలో ఉన్న గుర్తింపు మరో రాష్ట్రానికి వెంటరాదు.

ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదు. 2011 జనగణన నాటికి దీవుల జనాభా 3,80,581. అందులో 13 శాతానికి పైగా తెలుగు మాట్లాడేవాళ్లు. 1949 నుంచి ఇక్కడ స్థిరపడిన తూర్పు బెంగాల్ శరణార్థుల్లో ఎక్కువమంది నామశూద్రులు. పశ్చిమ బెంగాల్‌లో వాళ్లు ఎస్సీలు, ఇక్కడ కాదు. అడవులు కొట్టడానికి ఛోటానాగపూర్ నుంచి తెచ్చిన ఆదివాసులను ఇక్కడ 'రాంచీవాలాలు' అంటారు. వాళ్లు సొంత గడ్డ మీద ఎస్టీలు, ఇక్కడ కాదు. దేశానికి అండమాన్ అంటే సెల్యులర్ జైలు. ఆ జైలుకు అవతల ఇన్ని సమూహాలు చరిత్రలో చోటు లేకుండా బతుకుతున్నాయి.

ఇలాంటి చోట చదువును ఎవరు కట్టారన్న ప్రశ్న నా పరిశోధనలో పదే పదే ఎదురైంది. కాలేజీల పేర్లు చూస్తే జవాబు సులభంగానే దొరుకుతుంది. 1967లో మొదలైన తొలి డిగ్రీ కాలేజీకి నెహ్రూ పేరు. బీఎడ్ కాలేజీకి టాగోర్ పేరు. మాయాబందర్ కాలేజీకి గాంధీ పేరు. ఇంజనీరింగ్ చదువుకు బాబాసాహెబ్ అంబేద్కర్ పేరు. ఎస్సీ జాబితానే లేని చోట అంబేద్కర్ పేరున్న సంస్థ ఉండటం గురించి వేరే వ్యాసమే రాయాలి. ఈ నలుగురిలో ఎవరూ దీవుల మనిషి కాదు. దీవుల మనిషి పేరు నాకు మొదట చెప్పింది కార్ నికోబార్ నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ చదివిన నా క్లాస్‌మేట్. "మా తాత బిషప్ దగ్గరే అక్షరాలు దిద్దాడు" అన్నాడు ఒకరోజు. మా తాత వేలిముద్ర మనిషి. ఆ మాట నాలో ఉండిపోయింది.

ఆ బిషప్ పేరు జాన్ రిచర్డ్‌సన్. అసలు పేరు హాచెవ్‌కా. కార్ నికోబార్‌లోని మూస్ గ్రామంలో, పంతొమ్మిదో శతాబ్దం చివర్లో పుట్టాడు. అప్పట్లో వేదప్పన్ సాలమన్ అనే తమిళ క్రైస్తవుడు ఆ ఊళ్లో ప్రభుత్వ ఏజెంటుగా, మిషన్ బోధకుడిగా ఉండేవాడు. ఆయన దగ్గర చదివిన పిల్లల్లో హాచెవ్‌కా ఒకడు. సాలమన్ చొరవతో కుర్రాడు సముద్రం దాటి బర్మాలోని మాండలేకు వెళ్లాడు, అక్కడి మిషన్ బడిలో చదివాడు. తిరిగొచ్చి సొంత ఊళ్లో పంతులయ్యాడు. ఒక్క వాక్యంలో తేలిపోయే ఈ తిరిగిరావడంలోనే ఆయన జీవితమంతా ఉందని నాకనిపిస్తుంది. మాండలే చదువు చదివిన కుర్రాడికి రంగూన్‌లో గుమస్తా ఉద్యోగం దొరక్కపోదు.

మూస్ బడిలో ఆయన చేసిన పనిని నేటి భాషలో చెప్పాలంటే, ప్రిన్సిపాల్, సిలబస్ కమిటీ, అనువాద విభాగం, హాస్టల్ వార్డెన్ అన్నీ ఆయనే. అంతదాకా నికోబారీ భాష నోటి భాష. ఆ భాషకు రోమన్ లిపిలో రాత కుదిర్చే పనిలో జార్జ్ వైట్‌హెడ్ అనే మిషనరీకి పక్కన నిలబడి సాయం చేశాడు. నిఘంటువు మీద వైట్‌హెడ్ పేరు ఉంటుంది. మాటలిచ్చిన వాళ్ల పేర్లు ముందుమాటల్లో ఉంటాయి. జ్ఞానోత్పత్తి గురించి సెమినార్లలో మాట్లాడే మనకు ఈ ఏర్పాటు కొత్త కాదు. తేడా ఏమిటంటే, రిచర్డ్‌సన్ అక్కడితో ఆగలేదు. తర్వాతి దశాబ్దాల్లో ఆ రాతను తానే ముందుండి నడిపాడు. 1950లో నికోబారీలో కొత్త నిబంధన వచ్చింది; 1969లో మొత్తం బైబిల్ వచ్చింది. ఆ భాషలో అంత పెద్ద పుస్తకం అంతకుముందు లేదు. మతం సంగతి పక్కన పెట్టి చూసినా, ఒక చిన్న జాతి తన మాటను వేల పేజీల్లో అచ్చులో చూసుకోగలిగింది.

తెలుగువాళ్లకు దీనికి దగ్గర ఉదాహరణ మన ఇంట్లోనే ఉంది. నికోబారీ ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబ భాష. మా శ్రీకాకుళం కొండల్లోని సవర కూడా ఆ కుటుంబానిదే. సవర నేర్చుకుని, సవరలకు బడులు పెట్టి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చిన గిడుగు వెంకట రామమూర్తి పుట్టినరోజును ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. ఆయన కృషి చిన్నది కాదు. కానీ 1936లో సవరకు సొంత లిపి తయారుచేసిన సవర మనిషి మంగై గొమాంగో పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడుంది? బయటినుంచి వచ్చి ప్రేమించినవాడు గుర్తుంటాడు. లోపలినుంచి లేచి నిలబడ్డవాడు గుర్తుండడు. గిడుగును తగ్గించాలని ఈ మాట అనడం లేదు. జ్ఞాపకాన్ని ఎవరు పంచుతున్నారో చూడమంటున్నాను.

రిచర్డ్‌సన్ జీవితాన్ని పూజగదిలో పెట్టనక్కర్లేదు. ఆయన బడి మిషన్ బడి; చదువుతో పాటు చర్చి వచ్చింది, పాత నమ్మకాలు కొన్ని వెనక్కి వెళ్లాయి. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చిన గౌరవ మేజిస్ట్రేటు హోదాలో తీర్పులూ చెప్పాడు. 1952లో తొలి లోక్‌సభకు దీవుల ప్రతినిధిగా వెళ్లింది ఎన్నికై కాదు, రాష్ట్రపతి నామినేట్ చేస్తే. దీవుల ప్రజలకు తమ ఎంపీని తామే ఎన్నుకునే హక్కు 1967 దాకా రాలేదు. ఈ పరిమితులన్నీ రాయాలి. రాశాక కూడా మిగిలేది ఒకటుంది. జపాన్ సైన్యం దీవులను ఆక్రమించిన 1942-45 మధ్య నికోబారీలను గూఢచారులన్న అనుమానంతో చంపారు. రిచర్డ్‌సన్‌ను జైల్లో పెట్టారు, ఆయన తన వాళ్లను పోగొట్టుకున్నాడు. యుద్ధం ముగిసి బయటికొచ్చాక కూడా ఆయన ద్వీపం విడిచి పోలేదు. 1950లో బిషప్ అయ్యాడు. 1965లో పద్మశ్రీ, 1975లో పద్మభూషణ్ వచ్చాయి. 1978లో చనిపోయాడు.

అదే 1950లో, అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలోని ఔరంగాబాద్‌లో బాబాసాహెబ్ ఒక కాలేజీ తెరిచారు. మిలింద్ మహావిద్యాలయగా పేరుపడింది అదే. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ పెట్టిన ఆయన, పగలు ఉద్యోగం చేసుకునేవాళ్ల కోసం అక్కడ ఉదయం తరగతులు నడిపించారు. రాజ్యాంగం రాస్తూ, మంత్రిగా పనిచేస్తూ, ఆరోగ్యం క్షీణిస్తున్నా కాలేజీ భవనాల గురించీ అధ్యాపకుల గురించీ పట్టించుకున్న అధ్యక్షుడాయన. మిలింద్‌లో చదివిన పిల్లల్లోంచే దళిత సాహిత్య ఉద్యమానికి రాతగాళ్లు వచ్చారు. ఆయన పేరు మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి పెట్టమని అడిగినందుకు దళితుల ఇళ్లు తగలబడ్డాయి. ఆ పేరు 1994లో గానీ రాలేదు.

అంబేద్కర్‌నూ రిచర్డ్‌సన్‌నూ ఒక్క గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. ఒకరు కులాన్ని కూల్చడానికి కాలేజీ కట్టారు, మరొకరు ఒక దీవి జనం కొత్త కాలంలో నిలదొక్కుకోవడానికి బడి నడిపారు. ఇద్దరినీ కొలిచే కొలత మాత్రం ఒకటే: విద్యాసంస్థ అధిపతి వెళ్లిపోయాక, ఆయన దగ్గర చదివినవాళ్లు ఆయన లేకుండా నోరు తెరిచి మాట్లాడగలుగుతున్నారా?

మూస్ విషయంలో జవాబు కనిపిస్తూనే ఉంది. 2011 జనగణనలో దేశంలోని షెడ్యూల్డ్ తెగల అక్షరాస్యత 59 శాతం. ఈ దీవుల షెడ్యూల్డ్ తెగలది 75 శాతం పైమాటే, ఆ జనాభాలో అత్యధికులు నికోబారీలే. 2004 డిసెంబరు 26న సునామీ కార్ నికోబార్ తీరాన్ని తుడిచిపెట్టినప్పుడు ఊళ్లను మళ్లీ నిలబెట్టే పనిలో ముందున్నది చదువుకున్న నికోబారీలూ వాళ్ల గిరిజన మండళ్లూ.

2022లో ఇంకో రాత అవసరపడింది. కార్ నికోబార్‌కు ఎంతో దక్షిణాన ఉన్న గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, టౌన్‌షిప్, విద్యుత్ కేంద్రం కోసం దాదాపు 72,000 కోట్ల ప్రాజెక్టుకు కేంద్రం అనుమతులిచ్చింది. 130 చదరపు కిలోమీటర్లకు పైగా అడవి దానికింద పోతుంది. లిటిల్, గ్రేట్ నికోబార్ గిరిజన మండలి మొదట నిరభ్యంతర పత్రం ఇచ్చింది. సునామీకి ముందు తాము బతికిన ఊళ్ల నేల కూడా ప్రాజెక్టులో ఉందని తమకు చెప్పలేదంటూ, 2022 నవంబరులో ఆ పత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం రాసింది. ఆ ఉత్తరం రాసినవాళ్లు మూస్ బడిలో చదివినవాళ్లని నేననడం లేదు. అక్కడి నికోబారీ మాట కూడా కొంత వేరు. కానీ మా జనం మాట కాగితం మీద పెట్టగలం, సంతకం పెట్టినవాళ్లమే సంతకం వెనక్కి తీసుకోగలం అన్న ధైర్యం ఒక్కరోజులో పుట్టేది కాదు. దానికి వందేళ్ల కిందటి పలకలు కావాలి.

మరి కాలేజీల సంగతి? దీవుల తొలి డిగ్రీ కాలేజీ మొదట చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం కింద నడిచింది, తర్వాత పాండిచ్చేరి విశ్వవిద్యాలయం కిందికి మారింది. అంటే ఇక్కడి పిల్లలు ఏం చదవాలో సముద్రం అవతల నిర్ణయమైంది. రిచర్డ్‌సన్ పేరు కార్ నికోబార్‌లో ఆసుపత్రికి పెట్టారు. మంచిదే. పేరు పెట్టడం ప్రభుత్వాలకు తేలిక. 2024లో పోర్ట్ బ్లెయిర్‌కే శ్రీవిజయపురం అని పేరు మార్చేశారు. నేనడిగేది పేరు గురించి కాదు. దీవుల ఉన్నత విద్యలో నికోబారీ ఒక సబ్జెక్టుగా ఉండాలి. దాన్ని చెప్పే అధ్యాపకులు నికోబారీలు కావాలి. రేపు ఈ దీవులకు ఏ రూపంలో విశ్వవిద్యాలయం వచ్చినా, దాని పాలక మండలిలో గిరిజన మండళ్లకు చోటు ఉండాలి. దళితులకూ రాంచీవాలాలకూ ఇక్కడ గుర్తింపు ఎందుకు లేదన్న ప్రశ్నను పార్లమెంటు తీసుకోవాలి. ఒక్క మాట ఇక్కడే చెప్పాలి: మాకు గుర్తింపు కావాలంటే అది నికోబారీ, జారవా, ఒంగే పిల్లల వాటాలోంచి కోసి ఇచ్చేది కాకూడదు. వలస వచ్చినవాళ్ల ఆకలి ఈ దీవుల మూలవాసులను ఇప్పటికే చాలా తినేసింది. మా తాత కొట్టిన అడవి ఎవరిదో నాకు తెలుసు.

ఈ ఏడాది మా చిన్నాన్న కూతురు పన్నెండో తరగతి పూర్తి చేసింది. ఫారం నింపుతూ కులం గడి దగ్గర ఆగి నాకు ఫోన్ చేసింది, "అన్నా, ఏం రాయమంటావు?" అని. ఉన్నదే రాయమన్నాను. "తిరగ్గొడతారేమో" అంది. తిరగ్గొడితే ఎందుకు తిరగ్గొట్టారో వాళ్ల చేత రాయించి తీసుకోమన్నాను. కాగితం మీద రాయించుకోవడం, కాగితం మీద రాయడం: హాచెవ్‌కా మాండలే నుంచి తన ఊరికి మోసుకొచ్చింది అదే.

జై భీమ్.